కొయ్యపై అక్షరం

ఉద్దేశం

చదువు పుస్తకానికే పరిమితం కాదు. ఇంటి ముందరి పేరుపలక, గ్రంథాలయ ద్వారం మీది ఫలకం, సత్రం గుమ్మం మీది కొయ్యబల్ల కూడా మనం నిత్యం చదివే పుటలే. కొయ్యపై అక్షరాలను చెక్కే పద్ధతులను, అందుకు వాడే పనిముట్లను తెలియజేయడం, వృత్తికళలకు సంబంధించిన పదజాలాన్ని పరిచయం చేయడం, చేతిపనిలో ఇమిడి ఉన్న శాస్త్రదృష్టిని విద్యార్థులు గుర్తించేలా చేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

లిపి పుట్టిన నాటినుంచి మానవుడు రాతిని, లోహాన్ని, ఆకును, కొయ్యను రాతకు ఆధారాలుగా చేసుకున్నాడు. ఒక్కొక్క ఆధారం తన స్వభావాన్ని బట్టి అక్షరాకృతిని మలచింది. శిలాశాసనాల గురించి, తాళపత్రాల గురించి సాహిత్య చరిత్రలు విస్తారంగా చెప్పాయి. కొయ్య మీద రాత గురించి చెప్పినది తక్కువ. కొయ్య కాలానికి, చెదలకు లొంగిపోవడం అందుకు ఒక కారణం. వృత్తిజ్ఞానం గ్రంథాలకు ఎక్కకుండా తండ్రి చేతినుంచి కొడుకు చేతికి సంక్రమించడం మరొక కారణం.

పాఠం

'అక్షరం' అంటే నశించనిది అని వ్యుత్పత్తి. 'లిఖ్' అనే సంస్కృత ధాతువుకు గీయడం, గీకడం అని మూలార్థం. తెలుగులో 'వ్రాయు' అనే క్రియకు కూడా గీతలు గీయడమనే అర్థంతో సంబంధం ఉంది. అంటే రాత అనేది సిరాతో మొదలు కాలేదు. ఒక గట్టి మొనతో ఒక తలం మీద గాటు పెట్టడంతో మొదలైంది. కాగితం మీద కలం నడిచేటప్పుడు ఈ సంగతి మనకు స్ఫురించదు. కొయ్య మీద ఉలి నడిచేటప్పుడు మాత్రం ఆ మూలార్థం మళ్ళీ కళ్ళకు కడుతుంది.

కొయ్య నిర్జీవమైన ముద్ద కాదు. వేరునుంచి కొమ్మ దాకా నీటిని మోసిన సన్నని నాళాలూ, నారపోగులూ ఒకే దిశలో ఒదిగి ఉన్న కట్ట అది. చీపురుకట్టను నిలువునా చీల్చడం సులభం. అడ్డంగా తెంచడం కష్టం. కొయ్య కూడా అంతే. నార వెంబడి ఉలిని నడిపితే అది తేలికగా సాగిపోతుంది కాని, ఒక్కొక్కసారి గీసిన హద్దు దాటి కొయ్య చీలిపోతుంది. నారకు అడ్డంగా నడిపితే చీలిక భయం తక్కువ, శ్రమ ఎక్కువ. నారకు ఎదురుగా నడిపితే పోగులు లేచి తలం గరుకెక్కుతుంది. అక్షరాలు చెక్కే వ్యక్తి నేర్చుకోవలసిన తొలి పాఠం ఈ నార స్వభావమే.

ఈ స్వభావం లిపుల రూపాన్నే నిర్దేశించిన సందర్భాలు ఉన్నాయి. ఉత్తర ఐరోపాలో పూర్వం వాడిన రూనిక్ లిపిలో నిలువుగీతలు, ఏటవాలుగీతలు ప్రధానం. వంపులు, అడ్డగీతలు అరుదు. అడ్డంగా గీసిన గీత కొయ్య నారలో కలిసిపోయి కనబడదు. వంపును కత్తితో కోయడం కష్టం. అందుకే ఆ లిపికి అటువంటి రూపం ఏర్పడిందని పండితుల వివరణ. నార్వే దేశంలోని బెర్గెన్ నగరంలో 1955లో జరిగిన అగ్నిప్రమాదం తరువాత చేపట్టిన తవ్వకాలలో ఈ లిపి చెక్కిన వస్తువులు 600కు పైగా బయటపడ్డాయి. వాటిలో వర్తకులు తమ సరకు మూటలకు కట్టుకున్న కొయ్య పేరుబిళ్ళలు కూడా ఉన్నాయి. సొంతదారు పేరు తెలిపే కొయ్యఫలకం ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది.

తెలుగు లిపి గుండ్రదనానికి ఇటువంటి కారణమే చెబుతారు. తాటాకు మీద గంటంతో ఈనె వెంబడి నిడుపాటి గీత గీస్తే ఆకు చీలిపోతుంది. వంపు తిరిగిన గీత అయితే నిలుస్తుంది. ఆకుకు అనుకూలమైన ఈ వంపే కొయ్య దగ్గరికి వచ్చేసరికి పరీక్షగా మారింది. రూనిక్ అక్షరం కొయ్యతో రాజీపడి పుట్టింది. తెలుగు అక్షరం కొయ్యను ఒప్పించి నిలవాలి. తెలుగు పేరుపలకలను చెక్కే పనికి అదనపు నేర్పు కావలసిరావడానికి మూలం ఇదే.

పనికి ముందు పలకను ఎంచుకోవాలి. ఆరుబయట ఎండకూ వానకూ నిలిచే ఫలకానికి టేకు మేలైనది. అందులోని సహజమైన తైలాంశం చెమ్మను, పురుగును చాలావరకు దూరంగా ఉంచుతుంది. అయితే టేకులో ఉండే ఇసుక వంటి ఖనిజాంశం ఉలి పదునును త్వరగా హరిస్తుంది. మెత్తగా తెగే గుమ్మడి టేకు అభ్యాసకులకు అనువైనది. ఏ కొయ్య అయినా చేవదేరిన భాగాన్నే తీసుకోవాలి. చేవ పట్టని తెల్లని అంచు ముందుగా పాడవుతుంది. పచ్చికొయ్య మీద చెక్కిన అక్షరం ఆరేకొద్దీ వంకర పోతుంది కనుక పలక బాగా ఆరి ఉండాలి. నీడలో గాలికి ఆరబెట్టేటప్పుడు అంగుళం మందానికి సుమారు ఒక సంవత్సరం పడుతుందని వడ్రంగుల లెక్క. ముడులు లేని, నార నేరుగా సాగిన పలకను చిత్రిక పట్టి నునుపు చేస్తారు. ఈ దశలో గరుకు కాగితంతో రుద్దకూడదు. కాగితం నుంచి రాలిన రేణువులు కొయ్య రంధ్రాలలో చిక్కుకొని, తరువాత ఉలి అంచును మొద్దుబారుస్తాయి.

పనిముట్లు పెద్దసంఖ్యలో అవసరం లేదు. నిటారు అంచు గల బల్లపరుపు ఉలులు రెండు మూడు వెడల్పులలో, ఏటవాలు అంచు గల ఉలి ఒకటి, అంచు వంపు తిరిగిన గుండ్రని ఉలులు కొన్ని, కొయ్యతో చేసిన కొడతి, మూలమట్టం, సానరాయి ఉంటే పని మొదలుపెట్టవచ్చు. గుండ్రని ఉలులలో వంపు ఎక్కువ తక్కువలను బట్టి అనేక రకాలు ఉన్నాయి. ఇంగ్లండులో స్థిరపడిన లెక్క ప్రకారం వీటికి అంకెలు ఇస్తారు. 3వ అంకె ఉలి అంచు దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ వంపు పెరిగి, 11వ అంకె ఉలి లోతైన కాలువలా ఉంటుంది. అక్షరంలోని వంపుకు సరిపోయే ఉలిని ఎంచుకొని నిలువుగా ఆనించి కొడతితో తట్టితే ఆ వంపు ఒక్క దెబ్బతో, తప్పులేకుండా పడుతుంది. అందుకే తెలుగు అక్షరాలకు గుండ్రని ఉలులే ప్రధానాయుధాలు.

పదును లేని ఉలి పదునైన ఉలికంటే ప్రమాదకరం. మొద్దుబారిన ఉలిని బలంగా తోయవలసి వస్తుంది. బలంగా తోసిన ఉలి పట్టు తప్పితే చేతిని గాయపరుస్తుంది. అంచును 20 నుంచి 25 డిగ్రీల కోణంలో సానపట్టి, చివరగా తోలుపట్టీ మీద లాగి మెరుగుపెట్టాలి. పలకను బల్లకు క్లాంపులతో బిగించి, రెండు చేతులనూ ఎప్పుడూ అంచుకు వెనుకనే ఉంచుకోవాలి. ఒక చేత్తో పలకను పట్టుకొని మరొక చేత్తో ఉలిని నడపడం ఎంతటి అనుభవజ్ఞునికైనా తగదు.

తరువాతి దశ అక్షర విన్యాసం. ఈ పనిలో సగం పెన్సిలుతోనే పూర్తవుతుంది. రోము నగరంలోని ట్రాజను స్తంభం అడుగున క్రీ.శ. 113 నాటి శాసనంలోని అక్షరాలు నేటికీ అందానికి ప్రమాణంగా ఉన్నాయి. వాటిని ముందు కుంచెతో రాసి, తరువాతనే ఉలితో చెక్కారని 20వ శతాబ్దంలో ఎడ్వర్డ్ కాటిచ్ అనే లిపికళావేత్త ప్రతిపాదించాడు. రాత బాగుంటేనే చెక్కడం బాగుంటుందన్న నియమం రాతికీ కొయ్యకూ సమానమే.

అక్షరం ఎత్తును చూసేవాని దూరాన్ని బట్టి నిర్ణయించాలి. 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు చొప్పున ఉంటే అక్షరం స్పష్టంగా కనిపిస్తుందని ఫలకాలు చేసేవారి స్థూలమైన లెక్క. 30 అడుగుల దూరంలోని బాట మీదినుంచి చదవవలసిన పేరుకు మూడు అంగుళాల అక్షరం కావాలి. ఈ ఎత్తును తెలుగులో గుడులు, ఒత్తులు మినహాయించి మూలాక్షరానికి లెక్కించుకోవడం మేలు. 'స్వాతంత్ర్యం' అనే మాటలో 'త' కింద 'ర' ఒత్తు, 'య' ఒత్తు రెండూ రావాలి. ఆ ఒత్తులలోని గీతలు మూలాక్షరపు గీతలకంటే సన్ననివి. చేతిలోని అతిచిన్న ఉలి వెడల్పు మూడు మిల్లీమీటర్లు అయితే అంతకంటే సన్నని గీతను శుభ్రంగా చెక్కలేము. కనుక మూలాక్షరం నుంచి ఒత్తుకు దిగకూడదు. పేరులోని అతిచిన్న ఒత్తు నుంచి లెక్క మొదలుపెట్టి మూలాక్షరం పరిమాణానికి రావాలి. ఈ క్రమం తప్పినవారు పలక సగం చెక్కిన తరువాత ఒత్తుకు చోటు చాలక ఇబ్బందిపడతారు.

అక్షరాల మధ్య ఎడాన్ని కొలబద్దతో సమానంగా పంచితే కంటికి సమానంగా తోచదు. 'ర', 'ఠ' వంటి గుండ్రని అక్షరాలు పక్కపక్కన ఉన్నప్పుడు వాటి మధ్య పైనా కిందా ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది. వాటిని కొంచెం దగ్గరికి జరపాలి. కాగితం మీద పూర్తి పరిమాణంలో పేరును రాసి, గోడకు తగిలించి, దూరం నుంచి చూసి సరిదిద్దుకోవాలి. అక్షరదోషాలు కూడా ఈ దశలోనే పట్టుబడాలి. రాసినవారు కాక మరొకరు చదివి చూడటం శ్రేయస్కరం. అటుపిమ్మట కార్బన్ కాగితం సాయంతో పలక మీదికి దించాలి.

చెక్కే పద్ధతులు ప్రధానంగా రెండు. అక్షరాన్ని లోపలికి తవ్వడం ఒకటి. అక్షరాన్ని నిలిపి చుట్టూ ఉన్న నేలను తవ్వడం రెండవది. మొదటి పద్ధతిలో ఆంగ్లంలోని 'వి' అక్షరం ఆకారంలో గాడి తీస్తారు. ముందుగా గీత నడిమధ్యలో ఉలిని నిటారుగా నిలిపి గాటు పెట్టాలి. తరువాత ఇరువైపులనుంచి వాలుగా ఆ గాటును చేరేటట్లు కోయాలి. నడిగాటు ముందే ఉన్నందువల్ల చెక్కపెళ్ళ అక్కడికి రాగానే తెగి ఊడివస్తుంది. హద్దు దాటి చీలదు. రెండు గోడల మధ్య కోణం అక్షరమంతటా ఒకే విధంగా ఉండాలి. కోణం మారకపోతే వెడల్పైన గీత లోతుగా, సన్నని గీత నిస్సారంగా దానంతట అదే ఏర్పడుతుంది. 10 మిల్లీమీటర్ల వెడల్పు గల గీతకు కోణం 90 డిగ్రీలయితే లోతు 5 మిల్లీమీటర్లు. 60 డిగ్రీలయితే దాదాపు 8.7 మిల్లీమీటర్లు. పలక మందాన్ని ఈ లెక్కను బట్టే ఎంచుకోవాలి.

ఇటువంటి అక్షరాన్ని చదివించేది రంగు కాదు, వెలుగునీడలు. వెలుతురు పైనుంచి ఏటవాలుగా పడినప్పుడు గాడిలోని ఒక గోడ వెలుగుతుంది, మరొక గోడ నీడలో ఉంటుంది. ఆ రెండింటి సరిహద్దు సూటిగా ఉంటే అక్షరం జీవకళతో కనిపిస్తుంది. సరిహద్దు వంకరపోతే, రంగు ఎంత పూసినా ఆ లోపం దాగదు.

వంపుల దగ్గర అసలు పరీక్ష ఎదురవుతుంది. నార అడ్డంగా సాగిన పలక మీద నిండుసున్నను చెక్కడం ఉదాహరణగా తీసుకోవచ్చు. సున్న పైభాగంలోను, కిందిభాగంలోను గీత నార వెంబడి ఉంటుంది. ఎడమ కుడి పక్కల నారకు అడ్డంగా ఉంటుంది. అంటే ఒక్క సున్నలోనే నార సంబంధం నాలుగుసార్లు మారుతుంది. అందువల్ల సున్నను ఒకే ఊపులో చెక్కకూడదు. నాలుగు పాదాలుగా విభజించుకోవాలి. వెలుపలి గోడను పక్కలనుంచి మొదలుపెట్టి పైకి, కిందికి కోయాలి. లోపలి గోడను పైనుంచి, కిందినుంచి మొదలుపెట్టి పక్కలకు కోయాలి. ఒకే చోట పక్కపక్కనే ఉన్న రెండు గోడలకు ఉలి ఎదురెదురు దిశలలో నడుస్తుందన్నమాట. ఈ క్రమం పాటిస్తే పోగులు లేవవు. సున్న మధ్యలో మిగిలే చిన్న దిబ్బలోని పోగులు పొట్టివి. ఒకదానికొకటి పట్టు తక్కువ. అక్కడ కొడతిని పక్కన పెట్టి, చేతి ఒత్తిడితోనే పలుచగా కోయాలి. సున్న చక్కగా చెక్కగలిగినవారు తెలుగు వర్ణమాలలోని తక్కిన వంపులనన్నింటినీ చెక్కగలరు.

రెండవ పద్ధతి ఉబ్బెత్తు అక్షరాలది. దీనిలో అక్షరపు అంచు వెంట గాటు పెట్టి, చుట్టూ ఉన్న కొయ్యను సమానమైన లోతుకు తొలగిస్తారు. దూరానికి ఈ అక్షరాలు ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. అయితే సన్నని భాగాలు విరిగే ప్రమాదం ఎక్కువ. 'థ' అక్షరం కడుపులోని చుక్క ఉబ్బెత్తు పనిలో ఒక చిన్న మేకు తలలా నిలుస్తుంది. అది రాలిపోతే 'రంగనాథ' అన్న పేరు 'రంగనాధ' అవుతుంది. లోపలికి చెక్కిన అక్షరంలోనైనా రంగు నిండిపోయి ఆ చుక్క పూడిపోతే ఫలితం అదే. కాగితం మీద పొరపాటును దిద్దవచ్చు. కొయ్య మీద దిద్దడానికి ఉన్న ఏకైక మార్గం, తప్పుపడిన భాగాన్ని తొలిచి, అదే జాతి కొయ్యముక్కను అతికి, మళ్ళీ చెక్కడం. ఎంత నేర్పుగా అతికినా ఆ అతుకు ఎండకూ వానకూ ఏదో ఒకనాడు బయటపడుతుంది. ఒక మనిషి పేరును తరతరాలు తప్పుగా పలికించే అవకాశం ఉలి పట్టినవాని చేతిలో ఉందన్నమాట.

ఈ బాధ్యతను ఒక జాతి ఎంత శ్రద్ధగా నిర్వహించిందో చెప్పడానికి కొరియా దేశంలోని హేయిన్సా బౌద్ధ విహారం నిదర్శనం. అక్కడ 13వ శతాబ్దంలో త్రిపిటకాలను అచ్చువేయడానికి చెక్కిన కొయ్యపలకలు 80,000కు పైగా నేటికీ భద్రంగా ఉన్నాయి. వాటి మీది అక్షరాలు 5 కోట్లకు పైమాటే. అచ్చులో సరిగా పడటానికి ప్రతి అక్షరాన్నీ తిరగేసి, ఉబ్బెత్తుగా చెక్కారు. పనిచేసిన చేతులు అనేకమైనా, అక్షరాలన్నీ ఒకే చేతి రాతగా కనిపిస్తాయి. వాటిలో దోషాలు అత్యల్పమని ప్రసిద్ధి. ఈ పలకలను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. తెలుగునేల మీద కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం కోసం టేకు దిమ్మెల మీద లతలనూ పువ్వులనూ చెక్కే పనివారి నేర్పు కూడా ఇదే కోవకు చెందినది. అక్షరం కావచ్చు, ఆకు కావచ్చు, వంపును కొయ్య చేత ఒప్పించడమే అక్కడి విద్య.

నేడు ఈ పనిని యంత్రాలు కూడా చేస్తున్నాయి. రౌటర్ అనే యంత్రంలో నిమిషానికి వేల సార్లు తిరిగే చిన్న కోతమొన కొయ్యను తొలుస్తుంది. దానిని కంప్యూటర్ నడిపితే పేరుపలక తక్కువ సమయంలో సిద్ధమవుతుంది. ఒకే పేరును పది పలకల మీద చెక్కాలంటే యంత్రానిదే పైచేయి. నార ఎటు సాగినా దానికి పెద్దగా పట్టింపు లేదు. గుండ్రంగా తిరిగే మొన కనుక లోపలి మూలలను అది గుండ్రంగానే వదులుతుంది; పదునైన మూల కావాలంటే కోసుగా ఉన్న మొనను మూల దగ్గర పైకి లేపుతూ పోవాలి, లేదా ఉలితో ముగించాలి. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కంప్యూటర్‌లోని తెలుగు ఖతులు ఎక్కువగా కాగితం కోసం, తెర కోసం రూపొందినవి. వాటిలోని ఒత్తులను ఉన్నవి ఉన్నట్లు కొయ్య మీదికి దించితే గీతలు కలిసిపోతాయి. ఏ గీతను లావు చేయాలో, ఏ ఎడాన్ని పెంచాలో యంత్రం చెప్పదు. అక్షరాన్ని చదవగలిగిన, కొయ్యను ఎరిగిన మనిషి చెప్పాలి. చెక్కేవారికి ఉపాధి తగ్గుతున్నదన్నది వాస్తవం. వారి జ్ఞానం అవసరం తగ్గలేదన్నదీ వాస్తవమే. ఆ జ్ఞానం చేతినుంచి చేతికి అందే దారి మూసుకుపోతే, యంత్రానికి తప్పొప్పులు చెప్పేవారు ఉండరు.

చెక్కడం ముగిసిన పలకను మెత్తని గరుకు కాగితంతో నార వెంబడి తేలికగా రుద్ది, అవిసె నూనె గాని వార్నిషు గాని పట్టిస్తారు. అవిసె నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి పడవేయకూడదు. ఆరే క్రమంలో వాటిలో వేడి పుట్టి, వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని పరచి ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచాలి. పలక వెనుకభాగానికి, అంచులకు కూడా పూత వేయాలి. చెమ్మ ముందుగా ప్రవేశించేది అక్కడినుంచే. కొన్నేళ్ళకొకసారి పూతను పునరుద్ధరిస్తే టేకు పలక ఒక తరం దాటి నిలుస్తుంది.

అక్షరం నశించనిదన్న మాట దానంతట అది నిజం కాదు. తగిన కొయ్యను ఎంచినవారు, ఒత్తుకు చోటు లెక్కించినవారు, నార ఎటు సాగితే అటు ఉలిని తిప్పినవారు, 'థ'లోని చుక్కను నిలిపినవారు కలిసి దానిని నిజం చేస్తారు.

కఠిన పదాలు – అర్థాలు

వ్యుత్పత్తి : పదం పుట్టుక, దాని వివరణ
గంటం : తాటాకు మీద రాయడానికి వాడే ఇనుప మొన
చేవ : చెట్టు నడుమ గట్టిపడిన భాగం
చిత్రిక పట్టడం : కొయ్య తలాన్ని కోసి నునుపు చేయడం
కొడతి : కొయ్యతో చేసిన సుత్తి
మూలమట్టం : మూల సరిగా ఉన్నదీ లేనిదీ చూసే సాధనం
విన్యాసం : అమరిక
గాడి : పొడవుగా తవ్విన సన్నని పల్లం
ఎడం : మధ్యనున్న ఖాళీ
నిస్సారంగా : ఇక్కడ, లోతు తక్కువగా
ఖతి : అచ్చు అక్షరాల రూపశైలి

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కొయ్యలోని నార స్వభావం అక్షరాలు చెక్కే పద్ధతిని ఎలా నిర్ణయిస్తుందో నిండుసున్నను ఉదాహరణగా తీసుకొని వివరించండి.
2. చేతిపనిని, యంత్రపు పనిని పాఠం ఆధారంగా పోల్చి, మీ అభిప్రాయం తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. రూనిక్ లిపికీ, తెలుగు లిపికీ రూపంలో ఉన్న భేదానికి కారణమేమిటి?
2. అక్షర పరిమాణాన్ని అతిచిన్న ఒత్తు నుంచి ఎందుకు లెక్కించాలి?
3. గాడి చెక్కేటప్పుడు ముందుగా నడిగాటు పెట్టడం వల్ల ప్రయోజనమేమిటి?
4. హేయిన్సా విహారంలోని కొయ్యపలకల విశిష్టతను తెలపండి.

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'లిఖ్' ధాతువుకు మూలార్థమేమిటి?
2. చెక్కడానికి ముందు పలకను గరుకు కాగితంతో ఎందుకు రుద్దకూడదు?
3. లోపలికి చెక్కిన అక్షరాన్ని చదివించేవి ఏవి?

IV. సంధి విడదీసి, సంధి నామం రాయండి.
అక్షరాకృతి, అత్యల్పం, ఏకైక, ఒక్కొక్క, ప్రధానాయుధాలు

V. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి.
వెలుగునీడలు, శిలాశాసనం, తాళపత్రం, కొయ్యపలక

VI. కృత్యం
మీ ప్రాంతంలో కనిపించే పేరుపలకలను పది పరిశీలించి, వాటిలోని అక్షరదోషాలను, ఒత్తుల అమరికలోని లోపాలను పట్టికగా రాయండి.